లాన్ తీసి కూరగాయల మడులు: మార్చి ఎండ నుంచి మొదటి బెండకాయ దాకా

హనుమకొండలో మా ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు వైపు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున మెక్సికన్ గడ్డి పరిపించాం. నాలుగేళ్లు దానికి నీళ్లు పెట్టాం, కత్తిరించాం, యూరియా చల్లాం. ఒక ఎండాకాలం బోరు ఆగి ఆగి పోస్తుంటే మా అమ్మ మెట్ల మీద కూర్చుని, "ఇన్ని నీళ్లు పోసి పెంచితివి, ఈ గడ్డి మేసేటందుకు ఇంట్ల ఒక్క బర్రెనన్న లేకపాయె కదరా" అంది. ఆ ఏడాదే సగం లాన్ తీసేశాను. మరుసటి ఏడాది మిగతా సగం తీశాను.

మొదటి సగం వానలు పడ్డాక జులైలో తవ్వి, అదే వారం నారు నాటాను. ఆగస్టుకల్లా వంగ మొక్కల మధ్య గరిక మోకాలెత్తు లేచింది. రెండేళ్లు పీకుతూనే ఉన్నాను. రెండో సగం మార్చిలో మొదలుపెట్టి, ఏప్రిల్, మే ఎండలకు వదిలి, మిర్గం (మృగశిర కార్తె) దాకా ఒక్క విత్తనం వేయలేదు. ఆ మడుల్లో ఇప్పుడు కలుపు పని వారానికి అరగంట. నేల అదే, ఎరువు అదే. తేడా అంతా గడ్డికి ఇచ్చిన గడువులోనే ఉంది. అందుకే ఈ వ్యాసంలో సగం భాగం గడ్డి గురించే ఉంటుంది.

పార పట్టే ముందు

ఎండ ఎక్కడ పడుతుందో ఒక రోజంతా చూడండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడున్నరకి నీడ అంచు మీద ముగ్గుపిండితో గీత గీయండి. సాయంత్రానికి మూడు గీతల మధ్య లెక్క తేలుతుంది. కాయగూరలకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నాలుగు గంటలే పడే చోట ఆకుకూరలు, కరివేపాకు, అల్లం, పసుపు పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: మే నెలలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, డిసెంబరులో దక్షిణానికి ఒరుగుతాడు. లాన్ ఇంటికి ఉత్తరాన ఉంటే మేలో ఎండ కొట్టిన చోట చలికాలమంతా ఇంటి నీడే పడుతుంది. టమాట, వంగ మడులను ఆ నీడకు అవతల ఉంచాలి.

గోడకు మూడడుగుల దూరం వదలండి. ఇల్లు కట్టేటప్పుడు చాలామంది పునాది చుట్టూ చెదల మందు పోయిస్తారు. ఆ మట్టిలో తినేవి పెంచకూడదు. అక్కడ మందారం, నందివర్ధనం, చామంతి పెట్టుకుంటే ఇంటికీ అందం, పూజకూ పూలు. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత మీద ఆకుకూరలు, దుంపలు వద్దు.

తవ్వే ముందు నీళ్ల పైపులు, తోట లైట్ల వైర్లు ఎక్కడి నుంచి పోతున్నాయో కనుక్కోండి. లాన్ వేసినవాళ్లు వైరును అరడుగు లోతులో, గొట్టం కూడా లేకుండా పూడ్చిపెట్టడం మామూలే. తవ్వే రోజు ఆ లైన్ కరెంటు ఆపేయండి.

మొత్తం లాన్ ఒకేసారి తీయకండి. మొదటి ఏడాది 200 చదరపు అడుగులు చాలు, అంటే 22 గజాలు. మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న నాలుగు మడులు, మధ్యలో నడవడానికి దారులు అందులో పడతాయి. నలుగురున్న ఇంటికి ఆకుకూర కొనే పని తప్పుతుంది, వారానికి రెండు మూడు పూటల కాయగూర వస్తుంది.

మీ లాన్‌లో ఉన్నది ఏ గడ్డి?

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు ప్రతి గడ్డి ప్రాణం ఒక చోట దాగి ఉంటుంది. అది పట్టుకోకుండా పైన ఎంత కోసినా లాభం లేదు. గడ్డపారతో అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి, ఆ మట్టిని తెల్ల యూరియా సంచి మీద పోసి చిదిపి చూడండి.

వేర్లన్నీ పై రెండు మూడు అంగుళాల్లోనే చాపలా అల్లుకుని ఉంటే అది మెక్సికన్ లేదా కొరియన్ కార్పెట్ గడ్డి. ఇది తేలిక శత్రువు. చాప చుట్టినట్టు చుట్టి తీసేయొచ్చు.

గట్టిగా, తెల్లగా, దారాల్లాంటి కాడలు అడుగు లోతు దాకా కనిపిస్తే అది గరిక. దానికి నేల మీద పాకే తీగలు వేరు, నేల లోపల పాకే కాడలు వేరు. ప్రతి కణుపులో ఒక కొత్త మొక్క ఉంటుంది. వేలెడు ముక్క, ఒక్క కణుపు మట్టిలో మిగిలినా అది మళ్లీ గరికే.

మూడోది తుంగ. పూత కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. పీకితే ఆకు వస్తుంది, దుంప నేలలోనే ఉంటుంది. సంచి మీద పోసిన మట్టిలో గోధుమ, నలుపు రంగుల్లో శనగ గింజంత నుంచి రేగు గింజంత దాకా గట్టి గడ్డలు, సన్నటి దారంతో ఒకదానికొకటి పూసల్లా గుచ్చి కనిపిస్తాయి. గోటితో గిల్లితే లోపల తెల్లగా ఉండి, ఆయుర్వేద దుకాణంలో వచ్చే ఘాటు వాసన వేస్తుంది. అవే తుంగముస్తలు. నేను తీసిన ఒక్క గుంతలో 37 లెక్కపెట్టాను. ఒక గొలుసు తెగితే ప్రతి పూసా సొంతంగా మొలుస్తుంది.

చాలా లాన్లలో పైన మెక్సికన్ గడ్డి, దాని కింద గరిక, తుంగ రెండూ ఉంటాయి. అవి లాన్ కోసం తెచ్చిన మట్టితోనే వస్తాయి.

మార్చి నుంచి మే: గడ్డి తీసే పని

మార్చి మధ్యలో లాన్‌కు నీళ్లు ఆపేయండి. పదిహేను రోజుల్లో గడ్డి నీరసిస్తుంది. కోసే ముందు రోజు సాయంత్రం ఒక్కసారి తడపండి, లేకపోతే పార దిగదు. పదును పెట్టిన పారతో అడుగు చొప్పున చదరాలుగా గాట్లు పెట్టి, ఒక పక్క నుంచి పారను రెండంగుళాల లోతున అడ్డంగా తోస్తూ పలకల్లా లేపండి. వేర్లకు పట్టిన మట్టిని అక్కడే దులపండి. అది మీ పైమట్టి, దాన్ని పోగొట్టుకోకండి.

లేపిన పలకల్లో గరిక, తుంగ లేకపోతే తలకిందులుగా ఒక మూల పేర్చి, తడిపి, నల్ల పట్టా కప్పి ఏడాది వదలండి. మంచి ఎరువు మట్టి అవుతుంది. గరిక, తుంగ ఉన్నవి మాత్రం డాబా మీద పలచగా పరిచి మే ఎండలో పదిహేను రోజులు ఎండబెట్టాలి. పటుక్కున విరిగేదాకా వాటిని ఎరువు గుంతలో వేయకండి.

తర్వాత గడ్డపారతో అడుగు లోతు తవ్వి పెల్లలు తిరగేయండి. పవర్ టిల్లర్ మాట్లాడుకుంటే గంటలో అయిపోతుంది కదా అనిపిస్తుంది. గరిక ఉన్న నేలలో మాత్రం అది వద్దు. టిల్లర్ ఒక్కో కాడను ఇరవై ముక్కలు చేసి మడంతా నాటేస్తుంది. చేత్తో తవ్వి, కాడలు పొడవుగా లాగి, గంపలో ఏరాలి. 200 అడుగులకు ఇద్దరు మనుషులకు రెండు పొద్దుల పని. పెల్లలను పగలగొట్టకుండా పది రోజులు ఎండకు వదలండి. రైతులు చేసే వేసవి దుక్కి ఇదే. పైకొచ్చిన కాడలు, తుంగ గడ్డలు ఎండి చస్తాయి.

ఇప్పుడు అసలు ఆయుధం ఎండ. పెల్లలు చిదిపి, నేల చదును చేసి, అరడుగు లోతు దిగేలా నీళ్లు పెట్టండి. తడి నేలే వేడిని లోపలికి తీసుకుపోతుంది, పొడి నేల మీద కప్పితే పై పొర కాలి ఊరుకుంటుంది. మరుసటి రోజు తెల్లగా పారదర్శకంగా ఉండే 25 నుంచి 50 మైక్రాన్ల పాలిథిన్ పట్టా నేలకు అంటుకునేలా పరిచి, నాలుగు అంచులూ అరడుగు కాలువలో దింపి మట్టితో పూడ్చండి. నల్ల పట్టా చాలామంది వాడతారు గాని, ఎండ పట్టా దగ్గరే ఆగిపోయి నేల అంతగా వేడెక్కదు. తెల్ల పట్టా ఎండను లోపలికి పంపి వేడిని బయటికి పోనివ్వదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. చిరుగు పడితే వెంటనే టేపు వేయండి, కుక్కలు, పిల్లులు దాని మీద నడవకుండా చూడండి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1980లలోనే కంది, శనగ ఎండు తెగులు మీద ఈ పద్ధతిని పరీక్షించారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనకు ఊరికే వస్తోంది. చలి దేశాల వాళ్లకు లేని ఈ సదుపాయాన్ని మనం వాడుకోవాలి.

దీనితో గరిక, గడ్డి విత్తనాలు, పై నాలుగైదు అంగుళాల్లోని తుంగ చాలా వరకు పోతాయి. లోతున ఉన్న తుంగ బతుకుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

గడ్డి మీద అట్టపెట్టెలు పరిచి, పైన ఎరువు పోసి మొక్కలు పెట్టేయమని చాలా వీడియోల్లో చెబుతున్నారు. మెక్సికన్ గడ్డి ఒక్కటే ఉన్న చోట, వానాకాలంలో, టేపులు పీకేసిన మందపాటి అట్టను రెండు పొరలుగా తడిపి పరిస్తే అది పనిచేస్తుంది. మన ఎర్ర నేలల్లో ఎండాకాలం చేస్తే అట్ట కిందకు చెదలు చేరతాయి, ఆపైన వంగ కాండం దాకా వస్తాయి. గరికను అట్ట ఆపలేదు, అది అంచు వెతుక్కుంటూ పాకి బయటికి వస్తుంది.

కలుపు మందు కొట్టకండి. ఆరు నెలల్లో మీ పిల్లల కంచంలోకి వచ్చే నేల అది. ఇదివరకే లాన్‌కు ఏదైనా మందు కొట్టి ఉంటే మొదటి వానాకాలం తినే పంట వేయకుండా పచ్చిరొట్ట (జనుము, జీలుగ లాంటి, కోసి నేలలోనే కలిపేసే పైరు) వేసి తిప్పేయండి.

కింద ఉన్న మట్టి ఏమిటి?

లాన్ కింద చాలాసార్లు అరడుగు ఎర్రమట్టి, దాని కింద ఇల్లు కట్టినప్పటి చెత్త దొరుకుతుంది. మా దగ్గర ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, ఒక గమేళా సగం, బైండింగ్ వైరు వచ్చాయి. అవన్నీ ఏరేయాల్సిందే. సిమెంటు పెచ్చుల్లోని సున్నం నేలలో కలిస్తే మొక్క ఇనుమును తీసుకోలేదు. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అనుమానంగా ఉంటే పిడికెడు పొడి మట్టి మీద నిమ్మకాయ పిండండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే. అలాంటి చోట అరడుగు మట్టి మార్చడం మేలు.

మట్టి తీరు తెలియడానికి గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. నిమిషంలో ఇసుక కూర్చుంటుంది, రెండు మూడు గంటల్లో ఒండ్రు, తెల్లారేసరికి బంక. సగానికి పైగా ఇసుకైతే చల్క నేల, ఎరువు ఎక్కువ అడుగుతుంది. బంక ఎక్కువైతే రేగడి, నీళ్లు నిలుస్తాయి కాబట్టి మడి ఎత్తు పెంచాలి. భూసార పరీక్ష చేయించాలంటే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పద్ధతిలో 12 అంశాలు చూస్తారు. మీకు ముఖ్యంగా కావలసినవి ఉదజని సూచిక (pH), లవణాల శాతం, సేంద్రియ కర్బనం.

మడులు, ఎరువు

మే చివర్లో పట్టా తీసేయండి. తీశాక లోతుగా తవ్వకూడదు. తవ్వితే కింద చావని విత్తనాలు పైకొస్తాయి, ఆరు వారాల ఎండ వృథా అవుతుంది. పై నాలుగంగుళాలు మాత్రమే కదపండి.

మడి వెడల్పు మూడడుగులు దాటొద్దు. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. దారి అడుగున్నర. దారిలోని మట్టిని నాలుగంగుళాలు తీసి మడి మీద పోస్తే మడి అరడుగు లేస్తుంది, దారి వాన నీటికి కాలువ అవుతుంది. రేగడి నేలలో మడిని తొమ్మిది అంగుళాల దాకా లేపండి, తడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి. తడి రేగడిని తొక్కితే ఎండాక ఇటుకే.

మూడు బై పది అడుగుల మడికి రెండంగుళాల మందాన పశువుల ఎరువు పడాలి. సిమెంటు సంచులతో కొలిస్తే నాలుగు. ఏడాది మాగి, నల్లగా, వాసన లేకుండా పొడిపొడిగా ఉన్నదే తీసుకోండి. పచ్చి పేడతో పాటు పురుగు గుడ్లు, కలుపు విత్తనాలు వస్తాయి. జల్లెడ పట్టి పోయండి. తెల్లగా, లావుగా, ముడుచుకుని ఉన్న పురుగులు కనిపిస్తే ఏరి పక్కన పడేస్తే గోరింకలు చూసుకుంటాయి. మడికి అరకిలో వేపపిండి కలపండి.

జీవామృతం చేసుకునేవాళ్లకు చిన్న కొలత: 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, పిడికెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు, పొద్దున సాయంత్రం కలుపుతూ ఉంచి, పదింతల నీళ్లలో కలిపి నేలకు పోయాలి. పట్టా కింద ఎండకు చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవులూ కొన్ని పోతాయి. అందుకే ఈ నేలకు ఇది అవసరం.

మొదటి పంట నీడనిచ్చేదై ఉండాలి

గరికా, తుంగా రెండూ నీడను తట్టుకోలేవు. మిగిలిన తుంగను అణచడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు. మిర్గం వానలు పడగానే నేలను త్వరగా కప్పేసే పంటలు వేయండి. బొబ్బర్లు, తీగ గుమ్మడి, శివరాత్రికి ఉడకబెట్టుకునే చిలగడదుంప తీగ. బొబ్బర్లు నేలకు నత్రజని కూడా ఇస్తాయి.

ఓపిక ఉంటే ఇంకా మంచి దారి ఉంది. జనుము గాని జీలుగ గాని 200 అడుగులకు 150 గ్రాముల విత్తనం చల్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు రైతులు వానలకు ముందే నవధాన్యాలు చల్లుతారు, అదీ బాగుంటుంది. 45 రోజులకు పూత మొదలవగానే కోసి, ముక్కలు చేసి మట్టిలో కలిపి రెండు వారాలు మాగనివ్వండి. ఆగస్టు మొదటి పదిహేను రోజుల్లో నేల సిద్ధం. ఈలోగా కుండీలో వంగ, మిరప, టమాట నారు పోసుకుంటే సరిగ్గా అందుతుంది.

ఆగలేనివాళ్లు జూన్‌లోనే వేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. బెండ రెండడుగుల సాలులో అడుగుకో గింజ. పల్లాకు తెగులు తట్టుకునే అర్క అనామిక లాంటి రకం అడగండి, 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ. గోరుచిక్కుడు రెండడుగుల సాలులో జానెడు దూరం. గోంగూర, తోటకూర, బచ్చలి ఒక మడి అంచున. తోటకూర 25 రోజులకే కోతకు వస్తుంది. బీర, సొర, కాకర పాదులు గోడకు మూడడుగుల ఇవతల పెట్టి, పందిరిని గోడ వైపు వాల్చండి.

మొదటి ఏడాది ముల్లంగి, క్యారట్ వేయకండి. లాన్ వేర్లు నేలలో ఇంకా పీచుగా ఉంటాయి, దుంప చీలి వంకరపోతుంది. రెండో చలికాలానికి అదే నేల మెత్తబడుతుంది.

మొక్కలు నెల రోజులకు లేత పసుపుగా కనిపిస్తే బెంబేలు పడొద్దు. మట్టిలో మిగిలిన గడ్డి వేర్లు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని ముందు తమ కోసం లాక్కుంటాయి. వేరుశనగ చెక్కను రాత్రి నానబెట్టి పలచగా కలిపి మొక్క మొదట్లో పోస్తే రెండు వారాల్లో పచ్చబడతాయి.

తర్వాతి నెలల కాపలా

లాన్ స్ప్రింక్లర్లను కూరగాయలకు వాడకండి. ఆకు రాత్రంతా తడిగా ఉంటే తెగుళ్లు వస్తాయి. అదే పైపుకు డ్రిప్ లాటరల్స్ (మొక్క మొదట్లో బొట్టుబొట్టుగా నీళ్లు వదిలే సన్న గొట్టాలు) తగిలించుకోవచ్చు, లేదా దారి కాలువల్లో నీళ్లు పారించొచ్చు. మొక్క జానెడు ఎదిగాక మూడంగుళాల మందాన వరిగడ్డి గాని ఎండుటాకులు గాని పరచండి. కాండానికి మాత్రం రెండంగుళాలు ఎడంగా ఉంచండి.

సగం లాన్ మిగిల్చినవాళ్లు రెంటి మధ్యా అరడుగు వెడల్పు, అడుగు లోతు కందకం తీసి ఖాళీగానే ఉంచాలి. గరిక కాడ గాలిలోకి రాగానే కనిపిస్తుంది, కొడవలితో కోసేయొచ్చు. ఈ కందకం తీయకపోతే మూడు నెలల కష్టం ఒక్క వానాకాలంలో పోతుంది.

లాన్ నేలలో వేరు పురుగు ఉంటుంది. మొక్క ఒక్కసారిగా వాడి, లాగితే వేరు లేకుండా చేతిలోకి వస్తే కింద తవ్వి చూడండి. గోధుమ తల, తెల్లటి ఒళ్లు, అర్ధచంద్రంలా వంగిన పురుగు దొరుకుతుంది. తొలి వానలకు దాని పెద్ద పెంకు పురుగులు నేలలోంచి లేచి పొద్దుగూకాక వేప చెట్ల మీద వాలతాయి. కొమ్మ దులిపి బకెట్ సబ్బు నీళ్లలో వేస్తే ఆ ఏడాది గుడ్లు తగ్గుతాయి.

ఇక తుంగ. కొత్తగా లేచిన తుంగ నాలుగు నుంచి ఆరు వారాల్లో కింద కొత్త గడ్డలు కడుతుంది. అంతకు ముందే తీసేస్తే పాత గడ్డ ఉన్న బలం ఖర్చు చేసి మళ్లీ మొలవాలి. కాబట్టి పదిహేను రోజులకోసారి, ఐదారు ఆకులు రాగానే, చిన్న గడ్డపారను పక్కన దింపి గడ్డతో సహా లేపండి. తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి, ఒక విడత తప్పితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మొదటి వానాకాలం మా మడిలో విడతకు బకెట్‌డు వచ్చేది. రెండో సంక్రాంతికి దోసెడు.

గరికను మాత్రం పూర్తిగా వదులుకోలేదు. గేటు పక్కన పగిలిన సిమెంటు తొట్టిలో, అడుగున రాతి పలక వేసి, కొంచెం ఉంచాను. వినాయక చవితికి అమ్మ తెంపుకునేది అందులోంచే.